జామ్ సీసాలో ఈగ

ఐర్లండ్ ఊళ్లలో డాన్సులకి వాయించే కేలీ బ్యాండు మోతకీ సంగీతానికీ ఉన్న సంబంధం ఎంతంటే, బోర్లించిన జామ్ సీసాలో చిక్కుకున్న ఈగ రొదకీ సంగీతానికీ ఉన్నంత అని 1962లో ఐరిష్ రేడియోలో ఒకాయన తేల్చేశాడు. అన్నవాడు ఊరికే నోరు పారేసుకునే రకం కాదు, షాన్ ఓ రియాడా. ఐర్లండ్ సంప్రదాయ సంగీతాన్ని పెద్ద హాళ్లలో జనాన్ని కూర్చోబెట్టి వినిపించవచ్చని చూపించిన మనిషి. ఆయన చుట్టూ చేరిన వాద్యకారుల్లోంచే తర్వాత చీఫ్‌టెన్స్ బృందం వచ్చింది. 1971లో, నలభై ఏళ్లకే ఆయన పోయాడు. ఈగ మాత్రం ఇంకా బతికే ఉంది. కేలీ బ్యాండు పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు ఆ సీసా సంగతి గుర్తుచేసి నవ్వుతారు.

నేను రెండు శుక్రవారాలకోసారి ఆ రొద వినడానికే వెళ్తాను. మా ఇల్లు క్లేర్ జిల్లాలో, ఎన్నిస్ పట్నానికి కాస్త అవతల. పని షానన్‌లో. మా ఊరి పారిష్ హాల్లో, అంటే చర్చి వాళ్ల హాల్లో, ఒక బ్యాండు వాయిస్తుంది. దాని పేరు ఇక్కడ రాయను, వాళ్లకి పేరు మీద మోజు లేదు, పోస్టర్ మీద కూడా ఒక్కోసారి మర్చిపోతారు. ఫ్లూటు వాయించే పెద్దాయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. పియానో ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్తుంది. డ్రమ్ము దగ్గర కూర్చునే కుర్రాడు పగలు ట్రాక్టర్లు బాగుచేస్తాడు, గోళ్లలో గ్రీజు ఎప్పుడూ పోదు. ఇందులో ఎవరూ సంగీతం మీద బతకడం లేదు. ఆ సంగీతమే వీళ్ల మీద బతుకుతోందని, అది కూడా ఓ రియాడా వెక్కిరించిన ఆ మోత వల్లే బతుకుతోందని నా వాదన.

2016 ఆగస్టులో నేను ఈ దేశంలో దిగాను. దిగిన వారానికే ఎన్నిస్‌లో ‘ఫ్లా’ మొదలైంది. ఫ్లా అంటే ఐర్లండ్ మొత్తానికి ఏడాదికోసారి జరిగే సంప్రదాయ సంగీతపు జాతర. నాకు ఆ సంగతి తెలీదు. సిమ్ కార్డు కోసం బజారుకి వెళ్తే, షాపు గుమ్మంలో పన్నెండేళ్ల పిల్లలు నలుగురు కూర్చుని ఫిడేళ్లు వాయిస్తున్నారు. పక్క సందులో ఇంకో గుంపు. బ్యాంకు మెట్ల మీద ఇంకో గుంపు. ఊళ్లో ఏదో పెళ్ళి ఉందనుకున్నాను. సాయంత్రానికి అర్థమైంది, పెళ్ళి ఊరిదే అని. ఆ ఆదివారం రాత్రి మా ఇంటి ఓనరు పెద్దావిడ, పనులన్నీ పక్కన పెట్టి కేలీ బ్యాండు పోటీ కోసం కాచుక్కూచుంది. ప్రపంచ కప్పు ఫైనల్‌కి మన ఇళ్లలో ఉండే టెన్షన్ ఆవిడ మొహంలో ఉంది. “ఇదొక్కటి చూడు, మిగతావన్నీ పిల్లలాటలు” అంది.

మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. పలకడం ‘కేలీ’ అనే పలుకుతారు. మనవాళ్ల చెవికి ‘కేళి’ అని వినబడి తీరుతుంది. రెంటికీ చుట్టరికం ఏమీ లేదు, అయినా నాకు ఇప్పటికీ అలాగే వినబడుతుంది. గేలిక్‌లో, అంటే ఐర్లండ్ సొంత భాషలో, ఆ మాటకి అసలు అర్థం రాత్రి పూట ఇరుగింటికి వెళ్లి కబుర్లాడి రావడం. దానికి డాన్సు అనే అర్థం తర్వాత అంటుకుంది. గేలిక్ లీగ్ 1893లో పుట్టింది, భాషనీ సంస్కృతినీ నిలబెట్టాలని. దాని లండన్ శాఖ 1897 అక్టోబరు 30న బ్లూమ్స్‌బరీ హాల్లో ఒక నృత్య సాయంత్రం పెట్టి దానికి కేలీ అని పేరు పెట్టింది. అంటే పల్లెటూరి ఐర్లండ్ ఆత్మ అని అందరూ చెప్పుకునే ఈ కార్యక్రమం మొదలైంది లండన్ నడిబొడ్డున, ఇల్లు విడిచి వెళ్లినవాళ్ల చేతుల మీదుగా. డల్లాస్‌లో మొదలైన ఆచారం తిరిగి తెనాలికి వచ్చినట్టు.

ఇక బ్యాండు. మామూలుగా పదిమంది. రెండు మూడు ఫిడేళ్లు, రెండు ఫ్లూట్లు, గాలితిత్తి లాగి వాయించే బటన్ అకార్డియన్, దాని చిన్న చెల్లెలు కాన్సర్టీనా, బాంజో, పియానో, డ్రమ్ము. డ్రమ్మంటే సినిమా పాటల డ్రమ్సు కాదు. ఒక చిన్న డ్రమ్ము, ఒక పెద్దది, ఒక చెక్క ముక్క. ఆ చెక్క మీద పుల్లతో టక్ టక్ అని కొట్టగానే అందరూ ఒకేసారి దూకుతారు. ఫిడేలూ ఫ్లూటూ బాంజో అన్నీ ఒకే ట్యూను వాయిస్తాయి. సంగతులు వేరు, గమకాలు వేరు, కానీ దారి ఒక్కటే. పియానో ఎడమ చేత్తో నేలనీ కుడి చేత్తో ఎగురునీ చూపిస్తూ పోతుంది. ట్యూన్లలో రకాలున్నాయి. రీల్ అంటే మన లెక్కలో తకధిమి తకధిమి. జిగ్ అంటే తకిట తకిట. హార్న్‌పైప్ తకధిమే, కాకపోతే కొంచెం కుంటుతూ నడుస్తుంది. పోల్కా కెర్రీ, కార్క్ వాళ్ల ముద్దు, క్లేర్‌లో రీలే రాజు. మా హాల్లో మొదటి రాత్రి ముందు వరసలో కూర్చుని విన్నప్పుడు నాకూ ఈగే గుర్తొచ్చేది, ఆ సామెత అప్పటికి తెలిసి ఉంటే. అన్నీ ఒకేలా వినిపించాయి. అరగంటలో తలనొప్పి పట్టుకుంది.

క్లేర్‌లో బరెన్ సున్నపురాతి కొండల అంచున కిల్‌ఫెనోరా అని ఒక ఊరుంది. కొన్ని వందల మంది ఉండే పల్లె. అక్కడి కేలీ బ్యాండు 1909 నాటిది. ఇప్పటికీ వాయిస్తోంది. పుట్టుక గురించి వాళ్లు చెప్పుకునే కథ నాకు చాలా ఇష్టం. ఊరి చర్చికి అప్పుంది. అది తీర్చడానికి డాన్సులు పెట్టారు, ఆ డాన్సులకి వాయించడానికి ఊళ్లో వాద్యకారులు జట్టు కట్టారు. చర్చి గోడ నిలబెట్టింది జనం కాళ్లే.

పాతికేళ్లు తిరిగేసరికి అదే కాళ్లు పాపమైపోయాయి. ఇరవైలు, ముప్పైల్లో బిషప్పులు డాన్సుల మీద విరుచుకుపడ్డారు. కొత్త నడకలు, జాజ్, చీకటి దారుల్లో ఆడామగా కలిసి ఇంటికి నడవడం, ఇదంతా వాళ్ల బాధ. లీట్రిమ్ జిల్లాలో ఒక డాన్సు హాలు కట్టి నడిపిన జిమ్మీ గ్రాల్టన్‌ని, ఆయన కమ్యూనిస్టు కూడా కావడంతో, 1933లో సొంత దేశం నుంచే ఓడెక్కించి పంపేశారు. 1935లో పబ్లిక్ డాన్స్ హాల్స్ చట్టం వచ్చింది. బహిరంగంగా డాన్సు పెట్టాలంటే జిల్లా కోర్టు లైసెన్సు ఇవ్వాలి. ఇంట్లో వంటింటి బండల మీద చుట్టాలూ పక్కాలూ కలిసి ఆడుకోవడం నేరమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. కానీ అమలు చేసిన పోలీసులూ, వెనకుండి ఎగదోసిన ఫాదర్లూ దాన్ని అలాగే చదివారు. క్లేర్ ఫిడేలు పెద్ద జూనియర్ క్రెహన్ ఆ రోజుల్లో తన చుట్టూ ఇళ్లలో ఆటపాటలు ఎలా ఆరిపోయాయో బతికినన్నాళ్లూ బాధగా చెప్తూనే ఉన్నాడు. వంటిల్లు ఖాళీ అయింది. జనం పారిష్ హాలుకి నడిచారు, అక్కడ టికెట్టు పెట్టింది మళ్లీ ఫాదరే.

చిత్రం ఇక్కడుంది. వంటింట్లో ఒక్క ఫిడేలు చాలు. రెండొందల మంది బూట్లు టకటకలాడే హాల్లో ఒక్క ఫిడేలు వినబడదు, అప్పటికి మైకులు అంతంత మాత్రం. మరేం చేస్తారు? ఫిడేళ్లు మూడు చేశారు. ఫ్లూట్లు కలిపారు. అకార్డియన్ తెచ్చారు, అది గట్టిగా అరుస్తుంది కాబట్టి. పియానో, డ్రమ్ము పెట్టారు, దూరంగా ఆడే జంటకి కూడా దరువు అందాలి కాబట్టి. బ్యాండు ముందూ ఉంది, సరే, కానీ దాన్ని అంత మోతగా తయారుచేసింది ఆ హాలు. ఓ రియాడా తిట్టిన ప్రతి లక్షణం వెనకా ఇలాంటి ఒక అవసరం ఉంది. ఎవరో ముచ్చటపడి చేసిన వాద్యబృందం కాదది. అంత గట్టిగా అరవకపోతే అక్కడ చచ్చిపోయేది.

యాభైల్లో ఆ మోత ఉచ్చస్థితి. 1951లో ముల్లింగర్‌లో సంప్రదాయ సంగీత సంఘం ‘కోల్టస్’ పుట్టింది, ఆ ఏడాదే మొదటి ఫ్లా. కిల్‌ఫెనోరా 1954, 55, 56 మూడేళ్లు వరసగా ఆలిండియా, అదే, ఆల్ ఐర్లండ్ పోటీ గెలిచింది. పియానో దగ్గర కిట్టీ లినేన్ అనే ఆవిడ, దశాబ్దాల పాటు ఆ బ్యాండుకి ఆవిడే నాయకురాలు. తూర్పు క్లేర్ నుంచి పోటీకి టల్లా బ్యాండు, 1946లో పుట్టింది, పీజే హేస్ ఫిడేలు. 1956 పోటీ ఈ ఎన్నిస్‌లోనే. కొద్ది తేడాలో కిల్‌ఫెనోరా గెలిచింది. మరుసటేడు డన్‌గార్వన్‌లో టల్లా బదులు తీర్చుకుంది. మా ఇంటి ఓనరు పెద్దావిడ టల్లా వైపు మనిషి. 1956 గురించి ఇప్పటికీ ఆవిడ దగ్గర ఎత్తకూడదు. అదే దశాబ్దంలో ఈ దేశం నుంచి నాలుగు లక్షల మందికి పైగా పొట్ట చేతబట్టుకుని వెళ్లిపోయారు. ఆ వెళ్లిపోయినవాళ్ల కోసం టల్లా వాళ్లు 1958లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో వాయించారు.

ఇప్పుడు ఓ రియాడా మాట నిజాయితీగా చూద్దాం. ఆయన కడుపుమంట ఉత్తది కాదు. ఈ సంగీతం అందం ఒంటరి వాయిద్యంలో ఉంది. ఒక ఫిడేలు మనిషి ట్యూను మొదటిసారి ఒకలా, రెండోసారి ఇంకోలా వాయిస్తాడు. ఒక స్వరాన్ని చుట్టి వదులుతాడు, ఒక చోట ఆపి ఊపిరి తీసుకుంటాడు. పదిమంది కలిసి వాయిస్తే ఆ సందులన్నీ మూసుకుపోతాయి. పియానో ఒకే రకం శ్రుతుల గుంపుతో ట్యూనుకి గోడ కడుతుంది. డ్రమ్ము సన్నని సంగతుల్ని తొక్కేస్తుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చుని వింటే ఆయన చెప్పిందే నిజం.

కానీ కుర్చీలో కూర్చోమని ఎవరు చెప్పారు?

నాలుగో ఐదో వారానికి పియానో ఆవిడ నన్ను కుర్చీలోంచి లాగేసింది. బ్రేక్‌లో టీ తాగుతూ “నువ్వు ఎనిమిదోవాడివి, లే” అంది, అంతే. సెట్ అనే ఈ డాన్సుకి నాలుగు జంటలు కావాలి, చతురస్రంగా నిలబడాలి. వేదికకి దగ్గర ఒకటి, ఎదురుగా ఒకటి, వాళ్లు టాప్స్. పక్కవాళ్లు సైడ్స్. నా జంట డెబ్బై దాటిన ఆవిడ, తోలు అట్ట బూట్లు. టక్ టక్, రీల్ మొదలైంది. మొదటి ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళపు ఆవర్తాలు, చుట్టూ నడక. తర్వాతి ఎనిమిది మన చోటులోనే ఇద్దరం తిరగడం, దాన్ని ‘హౌస్’ అంటారు, సొంత ఇల్లు చుట్టి రావడం. ఆ తర్వాత ఎదుటివాళ్లతో చోటు మార్చుకోవడం. నాకేమీ తెలీదు. కానీ విచిత్రంగా, ఎప్పుడు మారాలో మాత్రం తెలుస్తోంది. ఎందుకంటే ట్యూనులో మొదటి భాగం 8 బార్లు, రెండుసార్లు. రెండో భాగం 8 బార్లు, రెండుసార్లు. మొత్తం 32. అడుగుల లెక్కా అదే. పాట మలుపు తిరిగిన చోట ఒళ్లు మలుపు తిరుగుతుంది. తలనొప్పి తెచ్చిన ఆ ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అన్నదే ఇక్కడ నా చేయి పట్టుకుని నడిపించింది.

స్వింగ్ దగ్గర ఇంకా తేలింది. ఇద్దరి కుడికాళ్లు మధ్యలో పక్కపక్కన, ఎడమకాలితో నేలని తోసుకుంటూ గిర్రున తిరగాలి. నేను మర్యాదగా, ఆవిడ పడిపోతుందేమోనని బిగుసుకుని పట్టుకున్నాను. “వెనక్కి వాలు బాబూ, నీ బరువు నాకియ్యి, నా బరువు నువ్వు పట్టుకో, లేకపోతే ఇద్దరం పడతాం” అంది. వాలాను. చిన్నప్పుడు విజయనగరంలో మేడ మీద అక్కతో ఒప్పులకుప్ప ఆడినప్పటి గిర్రు తిరిగొచ్చింది. సరిగ్గా ఆ క్షణాన అకార్డియన్ కొత్త ట్యూనులోకి దూకింది, శ్రుతి మారింది, హాల్లో ఎవరో ‘హప్’ అని అరిచారు. ఓ రియాడా వెతికిన సన్నని సంగతులు అక్కడ లేవా అంటే ఉన్నాయి, కానీ ఫిడేల్లో కాదు. ఎదురుగా ఉన్న రైతు మడమలు చెక్క నేల మీద రీల్‌కి ఎదురు దరువు వేస్తున్నాయి, దాన్ని ఇక్కడ ‘బ్యాటరింగ్’ అంటారు, ప్రతి ఎనిమిదికీ కొత్తగా. వాయించేవాళ్లు కావాలనే తిన్నగా వాయిస్తారు, సంగతి వేసే హక్కు కాలికి వదిలేస్తారు. కచేరీ చెవితో వింటే సగం వాద్యబృందం మీకు కనబడదు. ఆ సగం నేల మీద ఉంది.

స్వచ్ఛత మాట ఎత్తేవాళ్ల కోసం ఇంకో ముక్క. ఈ సెట్ డాన్సు ఐరిష్ కాదు పొమ్మని గేలిక్ లీగ్ ఒకప్పుడు దూరం పెట్టింది. నిజమే, ఇది ఫ్రెంచి క్వాడ్రిల్, పంతొమ్మిదో శతాబ్దంలో సైనికులతో వచ్చిందంటారు. క్లేర్‌లో అందరూ ప్రాణంగా ఆడే సెట్ పేరు కలడోనియన్, అంటే స్కాట్లండ్‌ది. ఫ్రెంచి కొలత, స్కాట్లండ్ పేరు, క్లేర్ మడమ. క్లేర్ గుర్తుగా చెప్పుకునే కాన్సర్టీనా ఇంగ్లండ్‌లో తయారైంది. మనకిది కొత్తా? తంజావూరు నుంచి విజయనగరం దాకా శాస్త్రీయ సంగీతం గుండెకి ఆనించుకున్న ఫిడేలు ఎక్కడిది? ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మా ఊళ్లో పెద్దవాళ్లు ఫిడేలు నాయుడుగారనే అనేవారు, వయొలిన్ అనేవారు కాదు. ఇక్కడివాళ్లూ అంతే, వయొలిన్ అంటే మొహం అదోలా పెడతారు. ఆ ఒక్క మాటతో నాకు ఇక్కడ సగం చుట్టరికం కుదిరింది.

హార్మోనియం సంగతి చెప్తే మా నాన్నకి ఇప్పటికీ కోపం వస్తుంది. రామమందిరంలో శనివారం భజనకి ఆయనే హార్మోనియం. ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు, గమకం పలకదని, విదేశీదని. రేడియోలో లేకపోయినంత మాత్రాన భజన ఆగిందా, పద్యనాటకం ఆగిందా? జనానికి పని ఉన్న చోట అది మోగుతూనే ఉంది. అకార్డియన్ దానికి అక్కచెల్లెలే, లోపల అదే లోహపు నాలుక, అదే గాలి. దాని మీద పడ్డ నిందలూ అవే.

పైగా, ఆ మోతలో పెరిగితే చెవి చెడుతుందన్నది ఎంత అబద్ధమో చూడండి. విలీ క్లాన్సీ, ఐర్లండ్ మొత్తం తలవంచే పైపర్, అంటే ఐరిష్ బ్యాగ్‌పైపు వాయించే మనిషి, మిల్‌టౌన్ మాల్బేలో 1973 నుంచి ఏటా జరిగే వేసవి బడి ఆయన పేరు మీదే. ఆయన, జూనియర్ క్రెహన్, ఇద్దరూ లాక్టీన్ నీఫా అనే కేలీ బ్యాండులో వాయించినవాళ్లే. ఇక మార్టిన్ హేస్. ఒక ట్యూనుని నెమ్మదిగా, దాదాపు గుసగుసలాగా వాయించి హాలు మొత్తాన్ని ఊపిరి బిగబట్టించే ఫిడేలు మనిషి, అంత ఒంటరి గొంతు ఇంకొకటి నేను వినలేదు. ఆయన ఎవరు? టల్లా పీజే హేస్ కొడుకు. మీసాలు రాకముందు నుంచే నాన్న పక్కన ఆ బ్యాండులో కూర్చున్నవాడు. ఈగ రొదలోంచే ఆ గుసగుస వచ్చింది.

ముందటేడు జనవరి. గాలివాన, యెల్లో వార్నింగ్. హాలుకి వెళ్లేసరికి బ్యాండు పదిమందీ వచ్చేశారు, ఆడేవాళ్లం మాత్రం ఆరుగురం. తలుపు దగ్గర డబ్బాలో అరవై యూరోలు. హీటరు ఖర్చుకే చాలవు. మన దగ్గరైతే ‘ఇంకో రోజు చూసుకుందాం’ అని కుర్చీలు మడిచేసేవాళ్లమే. పదిహేను నిమిషాలు చూశారు. ఫ్లూటు పెద్దాయన ఫ్లూటుని మూడు ముక్కలుగా విప్పి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, వేదిక దిగాడు. బాంజో ఆవిడ కూడా దిగింది. “ఇప్పుడు ఎనిమిది” అన్నాడాయన. పైన ఎనిమిది, కింద ఎనిమిది. సెట్ మూడో భాగంలో ఒకావిడకి మోకాలు పట్టేసి కూర్చుంటే కాన్సర్టీనా అమ్మాయి వేదిక మీంచి దూకి వచ్చింది, ఆవిడ వెళ్లి పైన అమ్మాయి కుర్చీలో కూర్చుంది, వాయించలేదు, ఊరికే కాలితో తాళం వేసింది. ఆ రాత్రి వాయించేవాళ్లెవరో ఆడేవాళ్లెవరో చెప్పమంటే నేను చెప్పలేను. కేలీ బ్యాండంటే ఏమిటని ఎవరైనా అడిగితే కిల్‌ఫెనోరా రికార్డులు వినిపించను, ఈ రాత్రి చెప్తాను. టీ బ్రేకులో ఫ్లూటాయన తడిసిన చొక్కాతో హీటరు దగ్గర నిలబడి, తనకి ఇరవై ఏళ్లప్పుడు ఇంతకన్నా తక్కువ మంది వచ్చిన రాత్రులున్నాయని చెప్పాడు. అరవైల్లో షోబ్యాండ్లు, గిటార్లు, మెరిసే కోట్లు వచ్చాక కేలీ అంటే ముసలాళ్ల వ్యవహారమైపోయింది. “మా చెల్లెలు నాతో రోడ్డు మీద నడిచేది కాదు, ఫ్లూటు పెట్టె కనబడుతుందని” అన్నాడు. ఎనభైల్లో సెట్ డాన్సు క్లాసులు ఊరూరా మొదలయ్యాకే బ్యాండ్లకి మళ్లీ పని దొరికింది. ముందు కాళ్లు తిరిగొచ్చాయి, వాటి వెనక ఫిడేళ్లు.

పోటీల సంగతి. ఫ్లాలో బ్యాండు నెలల తరబడి సాధన చేసి, కొన్ని నిమిషాలు వాయిస్తుంది. ముందు జడ్జీలు, వెనక కిక్కిరిసిన జనం. ఆడేవాళ్లు ఒక్కరు లేరు. అంచులన్నీ చెక్కి, వేగం పెంచి, ఒకే మనిషి వాయించినట్టు వాయిస్తారు. వినడానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది, కాదనను. కానీ ఆ వేగానికి సెట్ ఆడమనండి, మా హాల్లో సగం మంది ఆసుపత్రిలో ఉంటారు. డాన్సు పాటకి డాన్సే లేని పోటీ అన్నది నాకు మింగుడుపడదు. మా కాన్సర్టీనా అమ్మాయితో ఇదే అన్నాను. పన్నెండు నుంచి పదిహేను, పదిహేను నుంచి పద్దెనిమిది అని వయసు వారీ పోటీలున్నాయి కాబట్టే తన స్నేహితులు వాద్యం పట్టుకున్నారు, లేకపోతే ఫోను పట్టుకునేవాళ్లు అంది. నా దగ్గర జవాబు లేదు.

2020 మార్చిలో హాలుకి తాళం పడింది. 2020, 2021 రెండేళ్లూ ఫ్లా లేదు. జూమ్‌లో ప్రయత్నించారు. ఇంటర్నెట్‌లో శబ్దం అర సెకను ఆలస్యంగా వచ్చినా కలిసి వాయించడం కుదరదు. పియానో ఆవిడ ఒక్కతే వాయిస్తుంటే మిగతా తొమ్మిదిమంది మ్యూట్‌లో పెదాలు కదుపుతూ ఉండేవాళ్లు. రికార్డులకి ఏ లోటూ లేని కాలం అది. ఇంటర్నెట్ నిండా ట్యూన్లే. షికాగో పోలీసు అధికారి ఫ్రాన్సిస్ ఓ నీల్ 1903లో 1,850 ట్యూన్లు అచ్చువేసినప్పటి నుంచీ ఈ సంగీతం పోగొట్టుకోవడం దాదాపు అసాధ్యం. పుస్తకంలో ఉంది, సీడీలో ఉంది, ఆర్కైవ్‌లో ఉంది. అయినా ఆ రెండేళ్లూ మా ఊళ్లో లేదు. 2022లో మళ్లీ తలుపు తెరిచిన రాత్రి, ఇద్దరు మనుషులు తక్కువయ్యారు, వాళ్ల కుర్చీలు ఎవరూ తీయలేదు.

ఇంత రాసి హాలు పని చెప్పకపోతే అన్యాయం. దీన్ని బతికిస్తున్నదాంట్లో సగం సంగీతం కూడా కాదు. కుర్చీలు వెయ్యాలి, తియ్యాలి. కెటిల్ పెట్టాలి. సాండ్‌విచ్‌లు ఎవరి వంతో చూడాలి. రాఫిల్ అనే చిన్న లాటరీకి చాక్లెట్ డబ్బాలు కొనాలి. ఇన్సూరెన్సు ఒకసారి ఎంత పెరిగిందంటే, హాలు కమిటీ రెండు నెలలు డాన్సులు ఆపేద్దామా అని ఆలోచించింది, చివరికి బ్యాండు తన కూలీ వదులుకుంది.

మా తెలుగువాళ్ల పండగలకి డబ్లిన్ వెళ్తుంటాను. హాలు పెద్దది, లైట్లు బాగుంటాయి. పిల్లలు వేదిక మీద రికార్డు పాటకి కోలాటం వేస్తారు, కింద మేం కుర్చీల్లో కూర్చుని ఫోన్లలో తీస్తాం. సంస్కృతిని కాపాడుతున్నామని మైకులో చెప్తారు. ఒకసారి నేను కమిటీ అతన్ని అడిగాను, ఆ కర్రలు కింద మాకూ పంచితే ఏం పోయిందని. “ప్రోగ్రామ్ షెడ్యూల్ దెబ్బతింటుంది అన్నా” అన్నాడు. బతుకమ్మ ఒక్కటి నయం, అక్కడ పువ్వుల చుట్టూ తిరగాల్సిందే, కూర్చుంటే కుదరదు.

పోయిన నెల మా నాన్నకి ఒక రీల్ ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాను. మా బ్యాండు, మా హాలు. ఫోన్ని కిటికీ గట్టు మీద పెట్టి రికార్డు నొక్కి, వెళ్లి ఆడాను. పంపేముందు వినలేదు. మర్నాడు పొద్దున్నే ఫోను.

“ఏట్రా అది, సీసాలో ఈగని పెట్టినట్టు?”

నేను ఎంత నవ్వానంటే పక్క గదిలోంచి మా ఆవిడ వచ్చి చూసింది. నాన్నకి ఓ రియాడా ఎవరో తెలీదు, 1962 తెలీదు. చెవి మాత్రం ఉంది. నేనూ విన్నాను. నిజంగానే ఈగే. ఫిడేళ్లు, ఫ్లూట్లు, అకార్డియన్ అన్నీ కలిసి ఒక సన్నని జుయ్. ఆ చిన్న మైకుకి అంతే అందింది.

“అది సరే గానీ, ఎనకాల ఆ దబదబ ఏటి? ఎవుడో డప్పు కొడుతున్నట్టు?”

“డప్పు కాదు నాన్నా. కాళ్లు.”

“ఎన్ని కాళ్లు?”

“పదహారు.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. అటువైపు నుంచి రికార్డింగు మళ్లీ మొదలైంది, స్పీకర్లో పెట్టాడు.

“ఒకడు తాళం తప్పుతున్నాడ్రా,” అన్నాడు, “ఎనిమిదో దెబ్బ దగ్గర.”

నేనే నాన్నా అన్నాను.